గాజు ముఖం తీసి చిల్లుల రేకు బిగించాక: ఆర్కిటిక్ పీ12 ఫ్యాన్లతో బెజవాడ వేసవి

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. సత్యనారాయణపురంలో మా డాబా మీద గదే నా స్టూడియో. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం ఆ గదిలో 37 డిగ్రీలు మామూలే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు, ఆ రోజుల్లో గోడ మీద చెయ్యి పెట్టినా కాలుతుంది. పగలంతా ఏసీ వేసుకునేంత ఆదాయం నాకింకా లేదు. కాబట్టి కంప్యూటర్ ఆ వేడిలోనే పని చెయ్యాలి.

నాది ఐ7-12700 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. రెండూ పూర్తి లోడు మీద ఉంటే 350 వాట్ల దాకా తింటాయి. ఆ కరెంటంతా చివరికి వేడే. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలో మూడో వంతుకు పైగా అన్నమాట, అదీ గంటల తరబడి. కిందటేడాది గవర్నర్‌పేటలో ఒక షాపులో ముందంతా నల్లటి గాజు, లోపల మూడు రంగు రంగుల ఫ్యాన్లు ఉన్న కేబినెట్ చూపించి, గాలి బాగా ఆడుతుందన్నారు. చూడ్డానికి చాలా బాగుంది, కొన్నాను. గాజుకి అటూ ఇటూ సెంటీమీటరు సందు తప్ప గాలికి దారి లేదని ఇంటికొచ్చాక గానీ నా కంటపడలేదు.

మార్చి నెలాఖరుకే ప్రాసెసర్ 100 డిగ్రీలు తాకింది. దాని హద్దే అది. అక్కడికి చేరితే తనను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. కార్డు 84. 26 నిమిషాల్లో పూర్తి కావాల్సిన ఎక్స్‌పోర్ట్, అంటే ఎడిట్ చేసిన వీడియోని ఫైలుగా బయటికి తీసే పని, 31 నిమిషాలు పట్టేది. ఒక్క వీడియోకి ఐదు నిమిషాలేగా అనిపించవచ్చు. రోజుకి ఎనిమిది ఫంక్షన్ల ఫైళ్ళు బయటికి పంపాల్సిన నెలలో అది ఎంత టెన్షనో నాకు తెలుసు.

అప్పుడు ఆర్కిటిక్ పీ12 పీడబ్ల్యూఎం పీఎస్‌టీ ఐదు ఫ్యాన్ల ప్యాక్ తెప్పించాను. ఒక్కోటి 120 మిల్లీమీటర్లు, వేగం 200 నుంచి 1800 ఆర్‌పీఎం దాకా, అంటే నిమిషానికి అన్ని చుట్లు. లైట్లు, హంగులు ఏమీ లేవు. వీటి బలం స్టాటిక్ ప్రెజర్, అంటే ఎదురుగా జాలీయో హీట్‌సింకో అడ్డున్నా గాలిని తోసుకుపోయే శక్తి. ఒకదాని వైరు ఇంకోదానికి తగిలించుకుంటూ పోవచ్చు కాబట్టి ఐదూ మదర్‌బోర్డు మీద ఒకే పిన్నుకి వచ్చాయి. ఆ పిన్ను మామూలుగా ఒక ఆంపియర్ మోస్తుంది. మీరు ఏ ఫ్యాన్లు కొన్నా వాటి మీద రాసిన ఆంపియర్లు కూడి చూసుకోండి. నావి ఐదూ కలిపినా ఆ హద్దు దాటలేదు.

ముందు మూడు, వెనక ఒకటి బిగించాను. ప్రాసెసర్ 100 నుంచి 98కి దిగింది. కార్డు 82. రెండు డిగ్రీలే! ఏడుపొచ్చినంత పనైంది.

ఆ ఆదివారం మా బాబాయి వచ్చాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ముప్ఫై ఏళ్ళు పని చేసిన మనిషి. కేబినెట్‌ని ఒక్క నిమిషం చూసి, "ఏమ్మా, రేడియేటర్ ముందు గాజు బిగించి ఇంజను వేడెక్కుతోందంటే ఎట్లా?" అన్నాడు. వెంటనే క్లిప్పులు లాగి గాజు పలక ఊడదీశాం. అదే ఫైలు, అదే గది, అరగంట తరవాత చూస్తే ప్రాసెసర్ 87, కార్డు 75. ఒక్క పైసా ఖర్చు లేకుండా పదకొండు డిగ్రీలు. మీరూ ఏదైనా కొనే ముందు ముందు పలక తీసి ఒక గంట నడిపి చూడండి. వేడి తగ్గితే మీ లోటు ఫ్యాన్లలో లేదు, దారిలో ఉంది. తగ్గకపోతే కేబినెట్ కోతకు దిగకండి. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే పేస్టు ఎండిపోయిందో, కూలర్ చాలట్లేదో చూసుకోవాలి.

అలాగని ముందు భాగం బార్లా తెరిచి ఉంచలేం. దుమ్ము సంగతి పక్కన పెట్టినా మా ఇంట్లో బల్లులు ఎక్కువ. గాజుకే చిల్లులు పెట్టిద్దామా అంటే టెంపర్డ్ గాజుని తయారయ్యాక కోయలేం, గాటు పడితే మొత్తం పలుకులుగా రాలిపోతుంది. బాబాయి ఆటోనగర్ నుంచి అల్యూమినియం చిల్లుల రేకు పట్టుకొచ్చాడు. మొదట తెచ్చినది 3 మిల్లీమీటర్ల చిల్లు, ఒక చిల్లు నడుమ నుంచి పక్క చిల్లు నడుమకు 5. చూడ్డానికి నాజూగ్గా ఉంది, కానీ లెక్క వేస్తే అందులో ఖాళీ మూడో వంతే. మార్పించి 5 మిల్లీమీటర్ల చిల్లు, 7 దూరం ఉన్నది తెప్పించాను. ఖాళీ 46 శాతం. రేకు కొనేటప్పుడు ఈ ఒక్క లెక్క మరిచిపోకండి.

రేకు వెనక ఇంకో అడ్డు ఉంది. ఫ్యాన్లు బిగించే ఇనుప పలకలో కంపెనీ వాళ్ళు గుండ్రంగా కోయకుండా తేనెపట్టులా చిన్న చిన్న గళ్ళు కొట్టి వదిలేశారు. దాన్ని జిగ్‌సాతో కోసి తీసేశాం. పైన వేడి బయటికి పోవడానికి కొత్తగా ఒక బెజ్జం పెట్టాం. 120 ఫ్యాన్‌కి డ్రిల్‌కి తగిలించి గుండ్రంగా కోసే నాలుగున్నర అంగుళాల హోల్ సా, అంటే 114 మిల్లీమీటర్లది, సరిపోతుంది. మూలల్లో స్క్రూ చిల్లుల మధ్య దూరం 105. అట్ట మీద గీసి, మాస్కింగ్ టేప్ అంటించి, ఆ టేప్ మీద గుర్తులు పెట్టుకున్నాం. టేప్ ఉంటే డ్రిల్ జారదు, పెయింటు లేవదు. కేబినెట్ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి కింద చెక్క దిమ్మ పెట్టకపోతే వంగిపోతుంది. డ్రిల్ నెమ్మదిగా తిప్పాలి. కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి, కోసిన అంచులు పట్టుకునేటప్పుడు గ్లౌజులు కూడా.

మదర్‌బోర్డు, పవర్ సప్లై, డిస్కులు అన్నీ బయటికి తీశాకే కోత మొదలుపెట్టండి. గుడ్డ కప్పితే చాలులే అనుకోవద్దు. ఇనుప రజను ఒక్క పలుకు బోర్డు మీద రెండు కాళ్ళ మధ్య పడితే షార్టే. మేం కోత అయ్యాక ఖాళీ డొక్కుని డాబా మీద పంపు కింద కడిగి, ఎండలో ఆరబెట్టి, అయస్కాంతం గుడ్డలో చుట్టి మూలమూలలా తిప్పాం. కడిగిన తరవాత కూడా చెంచాడు రజను అంటుకుంది. కోసిన అంచుల్ని ఆకురాయితో అరగదీసి రెడ్ ఆక్సైడ్ పూశాం. ఇక్కడి ఉక్కకు పచ్చి ఇనుము వానాకాలం దాకా ఆగదు, తుప్పు పడుతుంది. అంచుకి లారీ అద్దాలకు వేసే రబ్బరు బీడింగ్ తొడిగాడు బాబాయి. కేబినెట్‌లో అన్నిటికంటే అందమైన భాగం నాకదే.

ఫ్యాన్ తిప్పి పెడితే చేసిన పనంతా వృథా. మోటారుని పట్టుకున్న పుల్లలు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపుకి పోతుంది. అనుమానం ఉంటే అగరబత్తి వెలిగించి దగ్గర పెట్టండి, పొగే చెబుతుంది. నేను ముందు మూడు లోపలికి, వెనక ఒకటి, పైన ఒకటి బయటికి పెట్టాను. లోపలికొచ్చే గాలి ఎక్కువగా ఉంటే సందుల్లోంచి దుమ్ము పీల్చుకోదు. రేకు వెనక దోమల జాలీ వేశాను. దానివల్ల రెండు డిగ్రీలు పెరిగింది, పరవాలేదు. పైన కూడా జాలీ ఉంది, బల్లుల కోసం.

ఇప్పుడు అదే 37 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 86, కార్డు 74. ఎక్స్‌పోర్ట్ 26 నిమిషాలు. ఫ్యాన్లు 1100 దగ్గర తిరుగుతుంటే సీలింగ్ ఫ్యాన్ చప్పుడు కింద వినబడవు. 1800కి వెళ్తే వినబడతాయి, ఆ వేగంలో ఏ ఫ్యానైనా అంతే. ఆ అవసరం నాకు మే నెలలో రెండు మూడు రోజులే వచ్చింది. గది 37 ఉంటే డబ్బా లోపల 37 కంటే చల్లగా ఎప్పటికీ ఉండదు. ఫ్యాన్ వేడిని బయటికి తోస్తుంది, అంతే. సాయంత్రాలు కిటికీ తీసి ఉంచితే ఇంకో మూడు డిగ్రీలు దిగుతోంది.

పీ12 ప్యాక్ నాకు పూర్తి తృప్తినిచ్చింది, మళ్ళీ కొనాల్సి వచ్చినా అవే కొంటాను. రేకు, హోల్ సా, బీడింగ్, పెయింటు కలిపి ఫ్యాన్ల ఖర్చులో సగం కూడా కాలేదు. కోస్తే కేబినెట్ వారంటీ పోయినట్టే, అది తెలిసే చేశాను. కొత్తగా కొనేవాళ్ళు మాత్రం ఈ పనంతా పెట్టుకోనక్కర్లేదు. షాపులో ముందు భాగానికి నోరు దగ్గర పెట్టి గట్టిగా ఊదండి. గాలి మీ మొహానికే తిరిగొస్తే ఆ కేబినెట్ అక్కడే వదిలేసి, జాలీ ముఖం ఉన్నది చూపించమనండి.

తీసేసిన గాజు పలక పారేయలేదు. పొరపాటున అంచు తగిలితే రాలిపోతుందని పాత దుప్పటిలో చుట్టి బీరువా వెనక పెట్టాను. జాలీ ప్రతి ఆదివారం విప్పి కడుగుతున్నాను. మొదటి వారం కడిగిన నీళ్ళు టీ రంగులో వచ్చాయి.