రెండు మేజర్ల కోసం మూడు క్యాంపస్‌లు

మా అమ్మాయికి డిగ్రీలో ఎకనామిక్స్, మ్యాథ్స్ రెండూ మేజర్లుగా, అంటే ప్రధాన సబ్జెక్టులుగా కావాలి. ఒకటి వదిలెయ్యమంటే ఒప్పుకోదు. అందుకే ఏప్రిల్ మొదట్లో, కాలేజీల్లో క్లాసులు జరుగుతున్నప్పుడే, పులిహోర డబ్బా పెట్టుకుని ఇండియానాపొలిస్ నుంచి కారులో బయల్దేరాం.

ముందు షికాగో పక్కనున్న ఎవాన్‌స్టన్, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ. మిషిగన్ సరస్సు ఒడ్డునే క్యాంపస్, చూడగానే అమ్మాయి మొహం వెలిగిపోయింది. ఇక్కడ ఎంఎంఎస్‌ఎస్ (మ్యాథమెటికల్ మెథడ్స్ ఇన్ ది సోషల్ సైన్సెస్) అనే ప్రోగ్రాం ఉంది, సోషల్ సైన్సులకి కావాల్సిన లెక్కలన్నీ గట్టిగా నేర్పుతారు. కానీ దానికి విడిగా అప్లై చేయాలి, పైగా అదొక్కటే మేజర్‌గా సరిపోదు, పక్కన ఇంకొకటి ఉండాల్సిందే. మేం దిగిన హోటల్లో మాత్రం హీటర్ పనిచేయలేదు, రూమ్ మార్చడానికి రాత్రి రెండు గంటలు నిలబెట్టారు, పార్కింగ్‌కి మళ్లీ వేరే డబ్బులు. నాకైతే చాలా కోపం వచ్చింది.

మర్నాడు కారు అక్కడే వదిలేసి పర్పుల్ లైన్, రెడ్ లైన్ రైళ్లు పట్టుకుని షికాగో డౌన్‌టౌన్‌కి, అక్కణ్ణుంచి మెట్రా రైల్లో 59వ స్ట్రీట్‌కి వెళ్లాం. యూనివర్సిటీ ఆఫ్ షికాగోలో ఎకనామిక్స్ పేరు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. డిగ్రీకి కావాల్సిన 42 కోర్సుల్లో మూడో వంతుకి పైగా కోర్‌కే, అంటే అందరూ చదవాల్సిన కామన్ కోర్సులకే పోతాయి, మ్యాథ్స్ కొంత అందులో కలిసొచ్చినా రెండు మేజర్లు పట్టించాలంటే మొదటి క్వార్టర్ (అక్కడ సెమిస్టర్ల బదులు ఉండే టర్మ్) నుంచే లెక్క వేసుకోవాలి. నాకు టెన్షన్ పట్టుకుంది, తనకి పట్టలేదు. సాయంత్రం డెవాన్ అవెన్యూలో వేడివేడి దోశ తిన్నాక కాస్త తేలికపడ్డాను.

మూడోది మాడిసన్, అంటే యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్. దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు, కానీ నా మనసు అక్కడే ఆగింది. రెండు సబ్జెక్టులూ లెటర్స్ అండ్ సైన్స్ కాలేజీలోనే ఉంటాయి కాబట్టి ఒకే డిగ్రీ, రెండు మేజర్లు. అడ్వైజర్ కాగితం తీసి ఎనిమిది సెమిస్టర్లూ గీసి, మ్యాథ్ 521, అంటే అనాలిసిస్ అనే పై స్థాయి మ్యాథ్స్ కోర్సు, ఎప్పుడు తీసుకుంటే పీహెచ్‌డీ అప్లికేషన్లకి అందుతుందో చూపించారు, ఇంత ఓపిగ్గా మాకు ఇంకెక్కడా చెప్పలేదు. బయటి రాష్ట్రం పిల్లలకి ట్యూషనే ఏడాదికి 40 వేల డాలర్లు దాటుతుంది, అయినా ఆ రెండు ప్రైవేటు యూనివర్సిటీల కంటే తక్కువే.

అమ్మాయి ఓటు మాత్రం ఇంకా ఎవాన్‌స్టన్‌కే. మే నెలలో ఒక్క రోజుకి మళ్లీ తీసుకెళ్తాను, ఈసారి టూర్ వద్దు, అనుమతి అడిగి ఒక మ్యాథ్స్ క్లాసులో కూర్చోబెడతాను.