విజయవాడలో ఒక ప్రాంతీయ బ్రాడ్‌బ్యాండ్: 200 ఎంబీపీఎస్ ప్లానులో ఇంటిదాకా వస్తున్నది ఎంత?

మా ఇంటికి వచ్చే ఇంటర్నెట్ రెండు మూడు జిల్లాల్లో మాత్రమే పనిచేసే ఒక ప్రాంతీయ కంపెనీది. మా పేటలో కేబుల్ టీవీ ఇచ్చే ఆపరేటరే ఈ కనెక్షన్ కూడా ఇస్తాడు. ప్లాను 200 ఎంబీపీఎస్; చెప్పిన ధరపై 18 శాతం జీఎస్టీ అదనం. వేళలు మార్చి, సర్వర్లు మార్చి దీన్ని కొన్ని వారాలుగా పరీక్షిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇంటిదాకా వచ్చిన లైను చాలా మంచిది, కానీ ఆ కంపెనీ నుంచి బయటి ఇంటర్నెట్‌కు వెళ్లే దారి రాత్రివేళ ఇరుకవుతోంది.

పరీక్షను వైఫై మీద కాక లాన్ కేబుల్‌తోనే మొదలుపెట్టాలి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద, అందులోనూ అపార్టుమెంటులో చుట్టుపక్కల రౌటర్లన్నీ అవే చానళ్లను పంచుకునేచోట, వచ్చే అంకె మన గోడల గురించి చెబుతుందే తప్ప కంపెనీ గురించి కాదు. కేబుల్ పెట్టాక కూడా ఒకటి గమనించాలి. రౌటర్‌లోని పోర్టు 100 ఎంబీపీఎస్ రకానిదైతే ఎంత పెద్ద ప్లాను తీసుకున్నా కొలత 94, 95 దగ్గరే ఆగిపోతుంది. లాన్ కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో ఒక జత తెగినా సాధారణంగా ఇదే జరుగుతుంది. మాకు ఇచ్చిన ఓఎన్‌టీకి, అంటే ఫైబర్ తీగ ఇంట్లో వచ్చి కలిసే పెట్టెకు, గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టు ఉంది. చిన్న కంపెనీ అయినా పరికరం దగ్గర పొదుపు చేయకపోవడం నాకు నిజంగా నచ్చింది.

పొద్దున పూట ఫలితంలో వంక పెట్టడానికేమీ లేదు. డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ 200కు అటూ ఇటూగా వస్తాయి. అప్‌లోడ్ కూడా అంతే రావడం ఇంటి నుంచి పనిచేసేవారికి, వీడియోలు పంపేవారికి పెద్ద సౌకర్యం. రాత్రి తొమ్మిది గంటలకూ స్పీడ్‌టెస్ట్ యాప్ దాదాపు అదే అంకె చూపిస్తుంది. అయితే ఆ యాప్ పింగ్ (సర్వర్‌కు సంకేతం పోయి రావడానికి పట్టే సమయం) తక్కువగా ఉన్న సర్వర్‌ను తనంతట తానే ఎంచుకుంటుంది. అది చాలాసార్లు కంపెనీ సొంత నెట్‌వర్క్‌లోనో, దాని పక్కనో ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ వారి ఫాస్ట్ డాట్ కామ్ కొలిచేది నెట్‌ఫ్లిక్స్ సర్వర్లతో. ఆ సంస్థ తన సర్వర్లను ఇంటర్నెట్ కంపెనీల దగ్గరే పెట్టే ఏర్పాటు కూడా ఉంది కాబట్టి, అక్కడ వచ్చే మంచి అంకె మిగతా సైట్లకు వర్తించకపోవచ్చు.

అందుకే సర్వర్‌ను చేత్తో మార్చి ముంబయి, సింగపూర్ ఎంచుకుని చూశాను. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు మధ్య సింగపూర్‌తో డౌన్‌లోడ్ పొద్దుటి దానిలో నాలుగో వంతుకు పడిపోతోంది. ముంబయితో అంత కాకపోయినా తేడా స్పష్టంగా కనిపిస్తోంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కనుక, ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి పోయి రావడానికి కనీసం ఒక మిల్లీసెకను పింగ్ పెరగడం సహజం. కానీ అదే సర్వర్‌తో పొద్దున ఒక లెక్క, రాత్రి మరో లెక్క వస్తే దానికి కారణం దూరం కాదు, రద్దీ. ఆ రద్దీ మా వీధిలో లేదు. ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో సుమారు 2.5 గిగాబిట్ల సామర్థ్యాన్ని ఒకే ఫైబర్ మీద ఉన్న 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. అక్కడే ఇరుకైతే దగ్గరి సర్వర్‌తోనూ వేగం పడిపోవాలి. అది పడటం లేదు కాబట్టి కంపెనీ బయటి నుంచి కొనే బ్యాండ్‌విడ్త్ రాత్రి వాడకానికి చాలడం లేదని నా అంచనా.

ఈ సంగతి ఫిర్యాదుగా చెబితే కస్టమర్ కేర్ వారు దగ్గరి సర్వర్ స్క్రీన్‌షాట్ అడిగి, 200 కనిపించగానే ఫిర్యాదు మూసేశారు. ఇది నాకు బాధ కలిగించింది. చట్టం వైపు నుంచీ పెద్దగా ఆసరా లేదు: 2023లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి పెంచింది 2 ఎంబీపీఎస్‌కే. ఆపరేటర్ మనిషి మాత్రం బంగారం. స్తంభాల మీద వేలాడే తీగ తెగి ఓఎన్‌టీ మీద ఎర్ర దీపం వెలిగినప్పుడు, సాయంత్రంలోగా నిచ్చెనతో వచ్చి అతుకు వేసి, లైన్లో కాంతి పవర్ కొలిచి చూపించి మరీ వెళ్లాడు.

ఇంట్లో సినిమాలు, పిల్లల పాఠాలు, వీడియో కాల్స్ వరకైతే ఈ కనెక్షన్ హాయిగా సరిపోతుంది. 4కే వీడియోకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్ మాత్రమే. రాత్రిపూట అమెరికా ఆఫీసు సర్వర్లతో పనిచేసేవారు, విదేశీ సర్వర్లలో ఆటలు ఆడేవారు మాత్రం ఏడాది డబ్బు ఒకేసారి కట్టకూడదు. ముందు నెల ప్లాను తీసుకుని, రాత్రి తొమ్మిది తర్వాత తాము వాడే సర్వర్‌తోనే వేగం కొలిచి చూసుకోవాలి.