జాంబియా, మలావీ అడవులు: ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ ఉండాలి

ఆఫ్రికాలో వన్యప్రాణులను చూడాలనుకునే మనవారిలో ఎక్కువమంది కెన్యాలోని మసాయి మారాకో, టాంజానియాలోని సెరెంగెటీకో బయలుదేరుతారు. ఆ మైదానాల గొప్పతనాన్ని ఎవరూ కాదనరు గానీ, జులై, ఆగస్టు నెలల్లో ఒక్క సింహం చుట్టూ వరసగా వాహనాలు మూగుతుంటే, చూస్తున్నది అడవినా, సంతనా అన్న అనుమానం వస్తుంది. ఆ రద్దీ వద్దనుకుని మేము జాంబియాలోని దక్షిణ లువాంగ్వా జాతీయ పార్కును, దానికి తోడుగా మలావీలోని లివోండే పార్కును ఎంచుకున్నాము. జనం తక్కువగా వెళ్ళే చోట్ల పార్కు పేరు కంటే వెళ్ళే నెల, వెంట ఉండే గైడ్, ఒకేచోట నాలుగు రోజులు నిలిచే ఓపిక ముఖ్యమని నా అభిప్రాయం.

ముందుగా నెల సంగతి. లువాంగ్వా లోయలో నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వానలు పడతాయి. అక్కడి నేల చాలా చోట్ల మన నల్లరేగడి వంటిదే కనుక, తడిస్తే బండి చక్రాలు కదలవు. పార్కు లోపలి చిన్న క్యాంపులన్నీ దాదాపుగా ఆ కాలంలో మూసేస్తారు. మే నుంచి అక్టోబరు వరకు పొడి కాలం. ఏటేటా వరదకు గట్లు కోసుకుంటూ దారి మార్చుకునే లువాంగ్వా నది విడిచిపెట్టిన పాత వంపులు చెరువులుగా మిగులుతాయి. అవి ఒక్కొక్కటిగా ఎండిపోయేకొద్దీ జంతువులన్నీ నీరున్న చోటికి చేరతాయి కాబట్టి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వెతుక్కునే శ్రమ బాగా తగ్గుతుంది. ఎర్రని కార్మైన్ బీ-ఈటర్ పక్షులు నది గట్లలో బొరియలు తొలిచి గుంపులుగా గూళ్ళు పెట్టేదీ అప్పుడే.

పిల్లల చదువులున్న తెలుగు కుటుంబాలకు ఇక్కడొక సౌకర్యం ఉంది. మన వేసవి సెలవుల్లో వెళ్తే గడ్డి ఇంకా ఎత్తుగా ఉంటుంది, కొన్ని క్యాంపులు అప్పటికి తెరవరు కూడా. అదే దసరా సెలవులైతే లువాంగ్వాకు సరిగ్గా అనువైన సమయం. అక్టోబరులో ఎండ నలభై డిగ్రీలు దాటుతుందని సఫారీ కంపెనీలు ముందే హెచ్చరిస్తాయి. రెంటచింతల, రామగుండం ఎండలు ఎరిగినవారిని ఆ మాట పెద్దగా భయపెట్టదు.

సుమారు 9,050 చదరపు కిలోమీటర్ల దక్షిణ లువాంగ్వాలో రెండు విషయాలు నాకు మిగతా చోట్ల కంటే మిన్నగా తోచాయి. మొదటిది రాత్రి సఫారీ. చాలా దేశాల జాతీయ పార్కుల్లో చీకటి పడేలోగా బయటికి వచ్చేయాలి. ఇక్కడ గైడ్ వెంట ఉంటే పొద్దు గూకాక కూడా స్పాట్‌లైట్ వేసుకుని తిరగవచ్చు. చిరుతపులులకు ఈ లోయ పేరుపొందింది. పునుగుపిల్లులు, ముళ్ళపందులు కూడా ఆ వేళలోనే బయటికి వస్తాయి. మంచి గైడ్ ఎవరో తెలుసుకోవడానికి ఆ దీపమే గుర్తు: జింక జాతి జంతువుల కళ్ళలో వెలుగు పడితే అవి కాసేపు చూపు ఆనక వేటకు దొరికిపోతాయి కనుక, తెలిసినవాడు దీపాన్ని వెంటనే పక్కకు తిప్పేస్తాడు. మా గైడ్ అలాగే చేసేవాడు. మరో బండిలోని వ్యక్తి చిరుత ఎదుట జింకల మీద అదే పనిగా వెలుగు పోస్తుంటే, అది వేడుకకు వేటను నడిపించడమేనని నాకు అనిపించింది.

రెండవది నడక సఫారీ. 1950లో నార్మన్ కార్ అనే అధికారి అక్కడి పెద్దనాయకుడు న్సెఫును ఒప్పించి, ఆయన భూమిలో సందర్శకులకు ఒక క్యాంపు కట్టించి, ఆదాయం ఊరివారికి చేరేలా ఏర్పాటు చేశాడు. కాలినడకన అడవిని చూపించే పద్ధతి ఈ లోయలో ఆయన వల్లనే వేళ్ళూనుకుంది. నేటికీ తుపాకీ పట్టుకున్న వన్యప్రాణి శాఖ స్కౌట్ ముందు నడుస్తాడు, వెనుక గైడ్, ఆ వెనుక అతిథులు ఒకే వరసలో సాగుతారు. జీపులో చూసినన్ని జంతువులు నడకలో కనిపించవు, అది ఆశించి వెళ్ళకూడదు కూడా. పాదముద్ర అంచు ఇంకా రాలిపోలేదు గనుక ఏనుగు తెల్లవారుజామున వెళ్ళిందని, పేడలో ఎముకల సున్నం తెల్లగా ఉంది గనుక అది హైనాదని చదవడం నేర్పిస్తారు. పన్నెండేళ్ళలోపు పిల్లలను సాధారణంగా నడకకు అనుమతించరు. కుటుంబంతో వెళ్ళేవారు బుకింగ్‌కు ముందే ఈ మాట అడగాలి.

బస రెండు రకాలు. పార్కు ప్రధాన ద్వారమైన మ్ఫూవే గేటు బయట, నది ఒడ్డున ఉన్న లాడ్జీలు, గుడారాల క్యాంపులు చవక. సఫారీకి విడిగా డబ్బు కడితే చాలు. పార్కు లోపలి బుష్ క్యాంపుల్లో రెల్లుతో, గడ్డితో ఏటా కొత్తగా వేసే కొద్దిపాటి కుటీరాలుంటాయి. భోజనం, సఫారీలు కలిపి మనిషికి రాత్రికి వందల డాలర్లు పడుతుంది. డబ్బుకు వెనుకాడే మధ్యతరగతి వారికి నా సలహా, ఎక్కువ రాత్రులు బయటి లాడ్జీలో ఉండి, చివర ఒకటి రెండు మాత్రమే లోపల గడపడం. బయట ఉన్నా అడవికి దూరమైనట్టు కాదు: నీటిగుర్రాలు రాత్రంతా గుడారాల నడుమ మేస్తాయి, చీకటి పడితే కాపలావాడు తోడు రానిదే భోజనానికి వెళ్ళనివ్వరు. వానల ఆరంభంలో, పార్కు లోపలే ఉన్న మ్ఫూవే లాడ్జీలో ఏనుగులు రిసెప్షన్ గుండానే నడిచి లోపలి అడవిమామిడి చెట్టు దగ్గరికి పోతాయన్నది ప్రపంచమంతా ఎరిగిన విషయమే.

ధరల విషయంలో ఒక హెచ్చరిక. మేము మొదట మాట్లాడిన ఏజెంటు చెప్పిన మొత్తంలో పార్కు రుసుము, విమానాశ్రయం నుంచి బస వరకు ప్రయాణం లేవని మూడో ఈమెయిల్‌లో గానీ తేలలేదు. ఏవి కలిశాయో, ఏవి కలవలేదో రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే బయానా పంపడం మంచిది.

శాకాహారులు బెంగపడనక్కరలేదు, కానీ ముందుగా రాయాలి. సరుకు దూరం నుంచి వస్తుంది గనుక అప్పటికప్పుడు అడిగితే ఉడికించిన బంగాళదుంపలే దిక్కు. మన సంకటిని పోలిన మొక్కజొన్న న్షిమాను, వేరుశనగ పొడి వేసి వండిన ఆకుకూరతో వడ్డించమని అడిగితే వంటవారు సంతోషంగా చేసిపెట్టారు. అతిథుల కోసం చేసే పాస్తా కంటే అది ఎన్నో రెట్లు నయం.

మలావీ రాజధాని లిలోంగ్వే నుంచి మ్చింజీ సరిహద్దు దాటి, జాంబియాలోని చిపాటా పట్టణం మీదుగా మ్ఫూవేకు రోడ్డు మార్గంలో ఒక్క రోజులో చేరవచ్చు. అందువల్ల రెండు దేశాలను కలపడం సులభం. లివోండే చిన్న పార్కు, 548 చదరపు కిలోమీటర్లు. వేటగాళ్ళ ఉచ్చులతో నిండిపోయిన ఆ అడవిని 2015లో అడవుల సంరక్షణ చూసే ఆఫ్రికన్ పార్క్స్ సంస్థ చేతికి తీసుకుని, కంచె బాగుచేసి, 2017లో చీతాలను, 2018లో సింహాలను మళ్ళీ తెచ్చి వదిలింది. ఏనుగులు మరీ ఎక్కువైన లివోండే, మజేటే అడవుల నుంచి 2016, 2017లలో దాదాపు 500 ఏనుగులను మలావీలోనే ఉన్న న్ఖోటాకోటా అభయారణ్యానికి తరలించింది. మన కూనో చీతాల కథను ఆసక్తిగా గమనించేవారికి ఇది ప్రత్యక్షంగా చూడదగిన చోటు. జీపు సఫారీలో లువాంగ్వాకు లివోండే సాటిరాదు; షిరే నదిలో పడవ మీద మాత్రం, తాటి జాతి చెట్ల నీడన ఏనుగులు నీళ్ళలోకి దిగుతుంటే అంత దగ్గరగా చూడడం లువాంగ్వాలో పొడి కాలంలో కుదరదు. ఇక్కడ రెండు రాత్రులు చాలు, మిగిలినవన్నీ లువాంగ్వాకే కేటాయించాలి.

ముంబయి, ఢిల్లీల నుంచి అడిస్ అబాబా మీదుగా లుసాకాకు, లిలోంగ్వేకు వెళ్ళవచ్చు. ఇథియోపియా మన ప్రభుత్వపు ఎల్లో ఫీవర్ జాబితాలో ఉంది. విమానాశ్రయం దాటకుండా విమానం మారేవారికి మినహాయింపు ఉన్నా, కనెక్షన్ తప్పి హోటల్‌కు వెళ్ళవలసి వస్తే తిరుగు ప్రయాణంలో ధ్రువపత్రం అడుగుతారు, లేకుంటే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. హైదరాబాదు నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒక్కసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. మలేరియా మాత్రల గురించి డాక్టరును అడిగి వాడుకోవాలి. రక్తం పీల్చే సెట్సీ ఈగలు నీలం, నలుపు రంగులకు మూగుతాయి కాబట్టి జీన్స్ ఇంట్లో వదిలి, మట్టిరంగు దుస్తులు తీసుకెళ్ళాలి. చిన్న విమానాల్లో సామాను 15 కిలోలకు మించరాదని, అదీ చక్రాలు లేని మెత్తటి సంచిలోనే ఉండాలని చాలా సంస్థలు పట్టుబడతాయి.

జాంబియాలోనే ఉన్న కసాంకా పార్కులో లక్షల కొద్దీ గబ్బిలాలు సాయంత్రం ఒక్కసారిగా లేచే దృశ్యాన్ని కూడా కలుపుకోవాలని కొందరు అడుగుతారు. అవి ఎక్కువగా చేరేది నవంబరులో, అంటే లువాంగ్వాలోని బుష్ క్యాంపులు మూతపడే వేళకు. కసాంకాకు రోడ్డు దారి కూడా చాలా దూరం. గబ్బిలాలే ప్రధానమైతే దాన్ని వేరే యాత్రగా పెట్టుకోవడమే మేలు.