నేల ప్లనేరియా పేరు తేల్చడానికి ఏది మేలు: పై రూపమా, కోతా, డీఎన్ఏనా?

తడి మట్టి మీద జిగట చార వదులుతూ పాకే చదునుపురుగులే నేల ప్లనేరియాలు. అవన్నీ జియోప్లానిడే కుటుంబానివే. చిక్కంతా ఆ తర్వాతే.

పై రూపం చూడటానికి ఖర్చు లేదు, ఉపకుటుంబం దాకా దారి చూపుతుంది. తల అర్ధచంద్రాకారంలో వెడల్పుగా ఉండి, అంచు పొడవునా చుక్కల్లాంటి కళ్లుంటే బైపాలియినే. తల సన్నగా ఉండి రెండే కళ్లుంటే రింకోడెమినే గానీ మైక్రోప్లానినే గానీ. పక్కల వెంట వరసగా కళ్లుంటే మాత్రం తొందరపడి జియోప్లానినే అనేయకూడదు, రింకోడెమినేలోనూ అలాంటివి ఉన్నాయి. ముట్టుకుంటే తల ముడుచుకుపోతుంది కాబట్టి పాకుతున్నప్పుడే ఫొటో తీయాలి. రంగును అసలు నమ్మకండి. యూరప్‌లో దొరికిన ఒక గోధుమరంగు పురుగును మొదట ఒబామా మార్మొరాటా అనుకున్నారు. అది వేరే జాతి అని 2016లో తేలి ఒబామా నుంగారా అయింది. (ఆ ప్రజాతి పేరుకు అధ్యక్షుడితో సంబంధం లేదు. టూపీ భాషలో ‘ఆకు’, ‘జంతువు’ అనే మాటల కలయిక.)

అసలు తేడాలు లోపల, జననాంగాల్లో ఉంటాయి. కింది వైపు నడిమికి దగ్గరగా నోరు, దాని వెనక జననరంధ్రం. మలద్వారం ఉండదు. పురుగు మీద మరిగే నీళ్లు ఒక్కసారిగా పోస్తే చాచుకునే చస్తుంది. నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే ముడుచుకుని కోతకు పనికిరాదు. వేడినీళ్ల తర్వాత 10 శాతం ఫార్మలిన్, ఆపైన 70 శాతం ఆల్కహాల్. జననరంధ్రం ఉన్న ముక్కను మైనంలో పొదిగి, నిలువుగా 5–8 మైక్రాన్ల పొరలుగా కోయాలి. ఓపిక పని. అంతా చేశాక పురుగు లేతదైతే చూడటానికి జననాంగాలే ఉండవు. తోక తెంచుకుని పిల్లలయ్యే బైపాలియం కెవెన్సేతో ఈ నిరాశ తరచూ తప్పదు.

అక్కడ ఆదుకునేది డీఎన్ఏ. జాతులను పోల్చడానికి వాడే మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు చాలు, పురుగు వయసుతో పని లేదు. ముక్కను శరీరం అంచు నుంచే తీయండి. నడిమి నుంచి తీస్తే పేగులో అరుగుతున్న వానపాము డీఎన్ఏ వచ్చే ప్రమాదముంది. ఫార్మలిన్ తగిలితే డీఎన్ఏ పాడవుతుంది. పైగా పోల్చి చూసే డీఎన్ఏ డేటాబేస్‌లో ఆ జాతి లేకపోయినా, తప్పు పేరుతో ఉన్నా మీకొచ్చే జవాబూ తప్పే.

కొత్త జాతి అని ప్రకటించాలంటే కోత తప్పదు. తెలిసిన జాతిని పోల్చుకోవడానికైతే డీఎన్ఏ మేలు. దొరికింది ఒక్కటే అయితే, వేడినీళ్లు పోయకముందే అంచు నుంచి చిన్న ముక్క కోసి 95 శాతం ఆల్కహాల్‌లో వేసి, మిగతాది ఫార్మలిన్‌కు పంపండి. రెండు సీసాల మీదా ఒకే నంబరు రాయండి, పెన్సిల్‌తో. ఆల్కహాల్‌కు పెన్ను సిరా కరిగిపోతుంది.