మా బాబుని తీసుకెళ్తున్న స్పీచ్ థెరపీ సెంటర్: అయిదుకి నాలుగు

మా వాడికి తొమ్మిదేళ్లు. నిరుడు దసరా సెలవుల్లో మా తమ్ముడి బండి మీద నుంచి పడి తలకి పెద్ద దెబ్బ తగిలింది. ఐసీయూలో చేర్చుకునేటప్పుడు కోమా స్కోరు (స్పృహ ఎంతుందో చూసే లెక్క) 15కి 7 అన్నారు. 8 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే తీవ్రమైన గాయం కిందే లెక్కట. దేవుడి దయ, నడుస్తున్నాడు, తింటున్నాడు. మాట దగ్గరే ఆగిపోతున్నాడు.

మొదట వెళ్లిన చోట రెండు నెలలు నాలుక ఎక్సర్‌సైజులు చేయించారు, కొవ్వొత్తులు ఊదించారు. ఇక్కడ మేడం మొదటిరోజే చెప్పారు, "నాలుకకేం కాలేదమ్మా, పలకడం శుభ్రంగా ఉంది. మాట తెలుసు, టైముకి దొరకట్లేదు" అని. గరిటె బొమ్మ చూపిస్తే వీడు "అదీ... కూర... అమ్మ తిప్పుద్దే, అది" అని చేత్తో తిప్పి చూపించాడు. మేడం "గ..." అని ఆగారు. "గరిటె!" అని అరిచాడు. ఇంట్లో మేమేమో ఇన్నాళ్లూ వాడు తడుముకోగానే మాట మొత్తం అందించేస్తున్నాం.

పాత చోట అన్నీ ఇంగ్లీషు కార్డులే. ఇక్కడ తెలుగులో చూస్తారు, అదీ బొమ్మల పేర్లతో సరిపెట్టరు. దాహమేసిన కాకి కథ చెప్పమంటే "కాకి. దాహం. రాళ్లు. తాగేసింది" అని ముగించాడు. నీళ్లు కుండ అడుగున ఉన్నాయన్న సంగతే లేదు. బొమ్మల పేర్లన్నీ టకటకా చెప్పే పిల్లలు కూడా కథ దగ్గర, టీచర్ గబగబా చెప్పే పాఠం దగ్గర, తోటి పిల్లల జోకుల దగ్గర చిక్కుకుంటారట. పై క్లాసులకి వెళ్లేకొద్దీ అది ఇంకా బయటపడొచ్చట. అందుకే స్కూలుకి కాగితం రాసిచ్చారు: ఒకసారి ఒక్క పనే చెప్పండి, జవాబుకి టైమివ్వండి, ముందు బెంచీలో కూర్చోబెట్టండి. అంతకుముందు వాళ్ల టీచరు వీడికి పొగరనుకున్నారు!

ఒక మార్కు ఎందుకు తీశానంటే, వెయిటింగ్ హాల్లో టీవీ. రణగొణధ్వనిలో మాటలు పట్టుకోలేని పిల్లలొచ్చే చోట అంత సౌండా? లోపలికి వెళ్లేసరికే అలసిపోతాడు. రెండుసార్లు చెప్పాను, రిసెప్షన్ అమ్మాయి తగ్గిస్తుంది, మర్నాడు మళ్లీ మామూలే. నెల ఫీజు ముందే కట్టాలి, జ్వరమొచ్చి మానేసినా తిరిగివ్వరు.

వెళ్లేవాళ్లు పొద్దున స్లాటే అడగండి. సాయంత్రం బడి అయ్యాక తీసుకెళ్తే మా వాడికి గరిటె కూడా దొరకదు.