లింకు డాక్యుమెంట్లు 1832 దగ్గర ఆగిపోయాయి: ఉత్తర జార్జియాలో మూడు రోజులు

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, ఫోర్సైత్ కౌంటీలోని కమ్మింగ్‌లో. మనవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. సంక్రాంతికి మా వీధిలోనే అయిదారిళ్ళ ముందు ముగ్గులుంటాయి. సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మా మామయ్యగారు సెప్టెంబరులో వచ్చారు. వచ్చిన వారానికే ఇంటి కాగితాలు చూస్తానన్నారు. కళ్ళజోడు సర్దుకుని చదువుతూ ఒకచోట వేలు పెట్టి ఆగిపోయారు.

"అమ్మాయ్, ఇక్కడ ల్యాండ్ లాట్ అని ఒక నంబరు, దాని పక్కన డిస్ట్రిక్టు, సెక్షను అని ఉన్నాయి. ఇది మన సర్వే నంబరు లాంటిదేనా? లింకు డాక్యుమెంట్లు ఎక్కడి దాకా ఉన్నాయి?"

ఎనిమిదేళ్ళ నుంచి ఈ ఇంట్లో ఉంటున్నాం. ఆ నంబరు ఎక్కడిదని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. వెతుక్కుంటూ పోతే 1832 దగ్గర తేలాను. ఆ ఏడాది జార్జియా రాష్ట్రం ఈ ప్రాంతాన్నంతా గళ్ళుగళ్ళుగా కొలిపించి లాటరీ వేసింది. బంగారం ఉంటుందనుకున్న చోట 40 ఎకరాల ముక్కలు, మిగతా చోట్ల 160 ఎకరాల ముక్కలు. చీటీ తగిలిన తెల్లవాళ్ళకి ముక్క దక్కింది. ఇప్పటికీ మా రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్నవి ఆ గళ్ళ నంబర్లే. లాటరీ తీసేనాటికి ఈ నేల మీద చెరోకీలనే అమెరికా ఆదివాసులు ఇళ్ళు కట్టుకుని, మొక్కజొన్న వేసుకుని, కాపురాలు చేస్తున్నారు. వాళ్ళకి చీటీ లేదు.

మామయ్యగారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ఊళ్ళు చూపించు" అన్నారు. అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున్నే పులిహోర, పెరుగన్నం కట్టుకుని బయల్దేరాం. నేనూ, మావారూ, ఇద్దరు పిల్లలూ, మామయ్యగారూ.

మొదటి మజిలీ డలానెగా. మా ఇంటి నుంచి గంట లోపే. చెరోకీ భాషలో పసుపుపచ్చకున్న మాట నుంచే ఆ పేరు వచ్చింది. 1829లో ఈ చుట్టుపక్కల బంగారం దొరికిందన్న వార్త పాకగానే జనం వేలల్లో ఎగబడ్డారు. 1838 నుంచి 1861 దాకా ఇక్కడ ప్రభుత్వ టంకశాల కూడా నడిచింది. ఊరి నడిబొడ్డున 1836లో కట్టిన పాత కోర్టు భవనంలో ఇప్పుడు గోల్డ్ మ్యూజియం ఉంది. దాని ఇటుకల మట్టిలోనే బంగారు రజను ఉందంటారు. పిల్లలు గోడకి మొహం ఆనించి వెతికారు. ఊరి బయట గనుల దగ్గర పళ్ళెంలో ఇసుక కడిగి బంగారం ఏరుకోవచ్చు. మా అబ్బాయికి నాలుగు మెరుపులు దొరికితే చిన్న సీసాలో పోసిచ్చారు. పిల్లలున్నవాళ్ళకి పూట గడిచే ఊరే. కానీ కూడలి దుకాణాల్లో ఎటు చూసినా బంగారమే, ఆ నేల ఎవరిదన్న సంగతి మనమే పట్టుకుని అడగాలి. చెరోకీలు తమ నేలలో తామే బంగారం తవ్వుకోకూడదని, తెల్లవాడి మీద కోర్టులో సాక్ష్యం చెప్పకూడదని అప్పట్లో రాష్ట్రం చట్టాలు చేసింది. అది తెలిసి ఇసుక కడగడం వేరు, తెలియక కడగడం వేరు. అక్టోబరు మూడో వారాంతంలో ఇక్కడ గోల్డ్ రష్ ఉత్సవం జరుగుతుంది. ఆ రెండు రోజులూ వెళ్ళకండి, కారు పెట్టుకునే చోటుండదు.

అక్కణ్ణుంచి ఎల్లిజే మీదుగా కొండదారిలో గంటన్నర పైన పడుతుంది చాట్స్‌వర్త్‌కి. ఆకులు రంగు తిరిగే కాలం, దారంతా ఆపిల్ తోటలు. మలుపులు ఎక్కువ, కడుపులో తిప్పే అలవాటుంటే మాత్ర వేసుకోవాలి.

చాట్స్‌వర్త్ పక్కన వాన్ హౌస్ చూశాక మా అందరికీ మాట తగ్గింది. జేమ్స్ వాన్ అనే చెరోకీ నాయకుడు 1804లో కట్టించిన రెండంతస్తుల ఇటుక మేడ అది. లోపల నీలం, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగులు వేసి ఉన్నాయి. కింద ఆధారమే కనబడకుండా గాల్లో తేలుతున్నట్టుండే మెట్ల వరస ఉంది. ఇంత మేడ కట్టినవాడికి వందమందికి పైగా నల్లజాతి బానిసలు ఉండేవారు. 1835 జనగణనలో సుమారు 16,500 మంది చెరోకీలు, వాళ్ళ కింద దాదాపు 1,600 మంది బానిసలు లెక్క తేలారు. ఇల్లు చూపించిన గైడు ఈ సంగతి దాచలేదు, తగ్గించి చెప్పలేదు. బానిసలు వండిన పొయ్యి దగ్గర నిలబెట్టి మరీ చెప్పింది. తెల్లవాళ్ళలా తోటలు, మేడలు, బానిసలు సంపాదిస్తే తమ నేల నిలుస్తుందని కొందరు చెరోకీలు నమ్మారు. అది వాళ్ళని కాపాడలేదు. 1835లో జేమ్స్ కొడుకు జోసెఫ్‌ని ఈ ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. ఇల్లు నాకు లాటరీలో వచ్చిందని ఒకడు, నాదేనని జార్జియా గార్డు అనే రాష్ట్ర సాయుధ దళం అధికారి ఇంకొకడు కొట్టుకున్నారు. పై అంతస్తులో దాక్కున్నవాణ్ణి రప్పించడానికి ఆ అధికారి మెట్ల మీదికి కాలుతున్న దుంగ విసిరించాడు. మామయ్యగారు ఆ మెట్ల కమ్మీ మీద చెయ్యి వేసి, "చీటీ పట్టుకొచ్చి ఉన్నవాణ్ణి పొమ్మన్నారా?" అన్నారు తనలో తాను. 1838లో ప్రభుత్వం చెరోకీలని ఈ నేల నుంచి తరిమేసినప్పుడు వాళ్ళతో పాటు వాళ్ళ బానిసలు కూడా పడమటికి నడిచారు. ఆ బానిసల వారసులకు చెరోకీ పౌరసత్వ హక్కు ఉందని కోర్టు తేల్చింది మాత్రం 2017లో.

ఆ రాత్రి బస కాల్‌హూన్‌లో, హైవే పక్కన. ముందుగా బుక్ చేసుకున్న మోటల్ పేరు చెప్పను. పొగ తాగని గది అని డబ్బు కట్టించుకుని సిగరెట్ కంపు కొట్టే గది ఇచ్చారు. అదీ రెండో అంతస్తు, లిఫ్టు లేదు, మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. మార్చమంటే గంట నిలబెట్టి ఖాళీల్లేవన్నారు. సగం డబ్బు వదులుకుని రెండు వీధుల అవతల ఒక గుజరాతీ కుటుంబం నడిపే మోటల్‌కి మారాం. కింది గది, ఉతికిన దుప్పట్లు. పొద్దున అడక్కుండానే అల్లం టీ పెట్టిచ్చారు. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు బుకింగ్ సైటు ఫోటోలు నమ్మకుండా, కింది గదేనా అని ఫోన్ చేసి అడిగి తీరండి. శాకాహారులకి ఈ వైపు మెక్సికన్ హోటళ్ళే దిక్కు. బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారేమో ముందే అడగాలి.

శనివారం న్యూ ఎకోటా. ఈ మూడు రోజుల్లో ఒక్క చోటికే వెళ్ళే వీలుంటే ఇక్కడికే వెళ్ళండి. ఐ-75 నుంచి దిగితే నిమిషాల్లో వస్తుంది. టికెట్టు పది డాలర్ల లోపే, వారమంతా తెరిచి ఉండదు కాబట్టి రోజు చూసుకోవాలి. 1825లో చెరోకీలు రాజధానిగా ఎంచుకున్న ఊరు ఇది. ఇప్పుడు పచ్చిక మైదానం, దూరదూరంగా కట్టడాలు. సభాభవనం, కోర్టు, అచ్చుశాల తిరిగి కట్టినవి. వూస్టర్ అనే మిషనరీ ఉన్న ఇల్లొక్కటే ఆనాటి నుంచి నిలిచింది.

అచ్చుశాలలో మేం గంటసేపున్నాం. సెక్వోయా అనే చెరోకీకి ఇంగ్లీషు చదవడం రాదు. అయినా కాగితం మీద మాట నిలబడుతుందని చూసి, ఏళ్ళ తరబడి కూర్చుని 1821 నాటికి తన భాషకి లిపి తయారుచేశాడు. మొత్తం 86 అక్షరాలు, తర్వాత ఒకటి వాడుకలోంచి పోయి 85 అయ్యాయి. ఒక్కో అక్షరం ఒక్కో ధ్వనికి: గ, గె, గి, గొ, గు. "గుణింతమే కదా!" అన్నారు మామయ్యగారు. దగ్గరికెళ్ళి చూస్తే తేడా తెలిసింది. మనకి గ ఉంటే దానికి గుడి పెట్టి గి చేసుకుంటాం. వాళ్ళకి గ రూపం వేరు, గి రూపం వేరు, రెండింటికీ పోలికే ఉండదు. అన్నీ విడివిడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. అయినా కొన్నేళ్ళలోనే వేలమంది నేర్చేసుకున్నారు. 1828 ఫిబ్రవరి 21న ఇక్కడి నుంచే చెరోకీ ఫీనిక్స్ పత్రిక వెలువడింది, ఇంగ్లీషూ చెరోకీ రెండు భాషల్లో. అచ్చుశాల ఉద్యోగి ఒక సీసపు అక్షరం మా అమ్మాయి అరచేతిలో పెట్టాడు. బియ్యపుగింజంత మొహం, తిరగేసి ఉంది. 1835లో జార్జియా గార్డు వచ్చి అచ్చు సామగ్రిని పట్టుకుపోయింది. 1950లలో ఇక్కడ తవ్వితే మట్టిలోంచి అలాంటి అక్షరాలు బయటపడ్డాయి.

చెరోకీల నేల మీద జార్జియా చట్టం చెల్లదని 1832లో వూస్టర్ కేసులోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాష్ట్రం లెక్కచేయలేదు, అధ్యక్షుడు జాక్సన్ అమలు చేయించలేదు. 1835 డిసెంబరు 29న ఈ ఊళ్ళోనే, పత్రిక మొదటి సంపాదకుడు బూడినో ఇంట్లో, కొద్దిమంది కూర్చుని 50 లక్షల డాలర్లకి తూర్పు నేలంతా రాసిచ్చేశారు. ప్రధాన నాయకుడు జాన్ రాస్ అందులో లేడు. అయినా సెనేటు ఒక్క ఓటు తేడాతో ఒప్పందాన్ని ఖాయం చేసింది. ఇది మాకు సమ్మతం కాదంటూ చెరోకీల నుంచి 15,000కి పైగా సంతకాలు వాషింగ్టన్‌కి వెళ్ళాయి. హక్కు లేనివాడు చేసిన విక్రయం చెల్లదని మామయ్యగారు సర్వీసంతా చెప్పినవారు. బూడినో ఇంటి స్థలం దగ్గర ఆయన ఆ మాటే అన్నారు, గొంతు పూడుకుపోయి.

మధ్యాహ్నం టెనెసీ సరిహద్దు దాటగానే రెడ్ క్లే పార్కు. జార్జియాలో సభలు పెట్టుకోనివ్వకపోతే చెరోకీలు 1832 నుంచి ఇక్కడ కూడేవారు. ప్రవేశం ఉచితం. చెట్ల మధ్య నీలంగా మెరిసే లోతైన ఊట ఉంది, దాని గట్టునే పులిహోర తిన్నాం.

ఆదివారం చట్టనూగా. హోటళ్ళకి కొదవ లేదు, నది ఒడ్డున ఉన్నవి ఖరీదు. అక్వేరియం పక్కన 'ద పాసేజ్' అని నది దాకా దిగే నీటి మెట్లు కట్టారు, గోడకి చెరోకీ కళాకారులు చేసిన ఏడు పెద్ద మట్టి బిళ్ళలున్నాయి. జాలువారే నీళ్ళు వాళ్ళ కన్నీళ్ళకి గుర్తు. పిల్లలు అందులో కేరింతలు కొడుతూ ఆడతారు, మా వాళ్ళూ ఆడారు. నేను ఆపలేదు, కానీ బిళ్ళల మీద ఉన్నది ముందు చదివించాను. ఇది రాస్ పడవల రేవు. 1838 మే నుంచి జనరల్ స్కాట్ 7,000 మంది సైనికులతో ఇళ్ళిళ్ళూ తిరిగి చెరోకీలని పోగుచేశాడు. సుమారు 16,000 మందిని పడమటికి తోలితే దాదాపు 4,000 మంది చనిపోయారని అంచనా.

మిగిలినవాళ్ళు ఓక్లహోమాలో తాలెక్వా రాజధానిగా నిలదొక్కుకున్నారు. ఇవాళ చెరోకీ నేషన్‌లో నాలుగున్నర లక్షల మందికి పైగా పౌరులున్నారు. అక్కడ వీధి పేర్లు సెక్వోయా అక్షరాల్లో కూడా రాసి ఉంటాయి. కారులో మాకు పన్నెండు గంటల దారి, ఎండాకాలం సెలవుల్లో వెళ్ళాలని నిశ్చయించుకున్నాం.

ఇంటికొచ్చిన రాత్రి మామయ్యగారు స్కేలు, పెన్సిలు అడిగారు. మా ల్యాండ్ లాట్ హద్దులు శ్రద్ధగా గీసి, న్యూ ఎకోటాలో కొన్న అక్షరాల కార్డు ముందు పెట్టుకుని, గడి మధ్యలో మూడు అక్షరాలు దిద్దారు: త్స, ల, గి. చెరోకీలు తమని తాము పిలుచుకునే పేరు. మూడో అక్షరం వంపు కుదరక రెండుసార్లు చెరిపారు. ఆ కాగితం ఇంటి దస్తావేజుల ఫైల్లో, అన్నిటికన్నా అడుగున పెట్టాం.