చవక యూఎస్‌బీ హెడ్‌సెట్: రెండేళ్ల వాడకం తరువాత

రోజుకు నాలుగైదు గంటల చొప్పున రెండేళ్లకు పైగా వాడిన తరువాత ఈ హెడ్‌సెట్ గురించి రాస్తున్నాను. ఇది చెవిని పూర్తిగా కప్పకుండా దాని మీద ఆనే రకం. పాటల కోసం కాక, ఆన్‌లైన్ సమావేశాల్లో మాట్లాడటానికే దీన్ని కొన్నాను.

దీని అసలు బలం మైకే. ల్యాప్‌టాప్‌లోని మైకు గది ప్రతిధ్వనినీ కీబోర్డు చప్పుడునూ కూడా మాటతో పాటు పట్టుకుంటుంది. ఇక్కడ మైకు నోటికి రెండు మూడు వేళ్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి గొంతు స్పష్టంగా ముందుకు వచ్చి, ఫ్యాను హోరు వెనక్కి తగ్గుతుంది. మొదట్లో నా ఊపిరి వినిపిస్తోందనీ, ‘ప’, ‘భ’ వంటి అక్షరాల దగ్గర గాలి కొట్టినట్లు ఉందనీ అవతలివారు చెప్పారు. మైకును నోటికి ఎదురుగా కాక పెదవి మూలకు పక్కగా జరిపిన రోజే ఆ ఇబ్బంది తీరింది. అంతకుముందు వాడిన 3.5 మిల్లీమీటర్ల పిన్ను హెడ్‌సెట్‌లో, ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టినప్పుడల్లా సన్నని గుయ్‌మనే శబ్దం వచ్చేది. ఇందులో సౌండ్ కార్డు (ధ్వనిని డిజిటల్ సంకేతాలుగా, వాటిని తిరిగి ధ్వనిగా మార్చే భాగం) హెడ్‌సెట్ వైరులోనే ఉన్నందువల్ల కాబోలు, ఆ శబ్దం ఒక్కసారీ వినలేదు.

మాటలు వినడానికి స్పీకర్లు చక్కగా సరిపోతాయి, సంగీతానికి మాత్రం చాలవు. మృదంగం మోత పలచగా వినిపిస్తుంది. పెట్టె మీద పలికే ధ్వనుల పౌనఃపున్యం 20 నుంచి 20,000 హెర్ట్జ్ (అతి మంద్రం నుంచి అతి తారం దాకా) అని ఉన్నా, వాటిలో ఏ ధ్వని ఎంత బలంగా పలుకుతుందో ఆ అంకెలు చెప్పవు.

నన్ను ఎక్కువగా బాధపెట్టినవి ఇయర్‌ప్యాడ్లు. వాటి పైనున్న కృత్రిమ తోలు చెమటకూ తేమకూ ఏడాది దాటగానే పొరలుగా ఊడి, నల్లని పెచ్చులు చెంపలకూ మెడకూ అంటుకోవడం మొదలైంది. వ్యాసం కొలిచి, అదే కొలతలో గుడ్డతో చేసినవి విడిగా తెప్పించుకుంటే సరిగ్గా అమరాయి. కళ్లద్దాలు పెట్టుకునేవారికి ఇంకో కష్టం ఉంది: బ్యాండు బిగువు వల్ల అద్దాల కాడలు కణతలకు ఒత్తుకుని గంట దాటితే నొప్పి పుడుతుంది. హెడ్‌సెట్‌ను కొన్ని రాత్రులు పుస్తకాల దొంతరకు తొడిగి ఉంచాక ఆ బిగువు కొంత సడలింది.

ఇరవయ్యో నెలలో వైరు ఎడమ చెవి దగ్గర, అంటే ఎక్కువగా వంగే చోట, లోపల తెగి శబ్దం వచ్చిపోతూ ఉండేది. తెగిన చోట టంకం వేయించాక బాగానే ఉంది. పని అయ్యాక వైరును బిగుతుగా చుట్టే అలవాటు అప్పుడే మానుకున్నాను. వదులుగా మడిచి పెట్టడమే మేలు.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది మ్యూట్ బటన్. వైరు మీదున్న ఆ బటన్‌కు దీపం లేదు, నొక్కినట్లు వేలికి తెలియదు. సమావేశం యాప్‌లోని మ్యూట్‌తో దానికి సంబంధం లేనందువల్ల, యాప్‌లో మైకు తెరిచి ఉన్నట్లు కనిపిస్తున్నా వైరు మీద మూసి ఉండి, ముఖ్యమైన ఒక చర్చలో నా వివరణ మొత్తం ఎవరికీ వినపడలేదు. ఆ తరువాత బటన్‌ను తెరిచిన స్థితిలోనే వదిలేసి, దాని మీద టేపు అంటించి, యాప్‌లోని మ్యూట్ ఒక్కదాన్నే వాడుతున్నాను.